కాటన్ దొరగారు – మన దుమ్ముగూడెము ఆనకట్ట

సర్ ఆర్థర్ కాటన్ గారు 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండున జన్మించిరి. తండ్రికి ఆయన పదవ కుమారుడు. పదునారవ యేటనే మద్రాసు ఇంజనీర్ల దళమున ప్రవేశించి, 1821లో మన దేశమునకు వచ్చిరి.

తంజావూరు సీమలో చోళులు కట్టించిన కల్లణై ఆయనకు గురుస్థానమయ్యెను. ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు ప్రాచీన శిల్పులనుండియే నేర్చినట్లు ఆయన దాపరికము లేక ఒప్పుకొనిరి. దొరలలో ఇట్టి గుణము అరుదు. 1836లో కొల్లడమునకు కట్టిన ఎగువ ఆనకట్ట ఆ విద్యకు ఫలము.

అప్పటి గోదావరి మండలము స్థితి మిక్కిలి హీనము. 1832-33లో నందన కరవు గుంటూరు సీమను శ్మశానము గావించెను. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెను. ఇంత జరుగుచున్నను గోదావరి ఏటేటా నిండుగా సముద్రమున కలియుచునే యుండెను! జనులు చచ్చినది నీరు లేక కాదు, నిలుపువారు లేక. కాటన్ గారు 1844లో నివేదిక వ్రాసి, 1847లో ధవళేశ్వరమున పని మొదలిడిరి. వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజమై నిలిచిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండముల ఆనకట్ట 1852 నాటికి పూర్తియై, డెల్టాను అన్నపూర్ణగా మార్చెను.

ఇక మన సంగతి. నాగపురము, వార్ధా ప్రాంతముల ప్రత్తిని పడవలపై సముద్రతీరమునకు దింపవలెనని కాటన్ గారి సంకల్పము. నడుమ మూడుచోట్ల రాతి ఆటంకములు గలవు: దుమ్ముగూడెము, ఇంచంపల్లి, ప్రాణహితపై దేవలమర్రి. మొదటిదానిని దాటించుటకే ఇచట ఆనకట్టయు, కాలువయు, లాకులును వెలసెను. పని నడిపినవారు హేగ్ దొరగారు. వ్యయము పెరుగగా ప్రభుత్వము 1871లో పథకమునే విడిచిపెట్టెను. గమనింపదగినదేమన, ఇది పడవలకై కట్టినదే గాని పైరులకై కాదు. అందుచేత ఏటి యొడ్డుననే యుండియు అడవి పల్లెల మెట్టచేలు వానకై మింటివంకనే చూచుచుండెను.

రైలుకంటె కాలువ చవుక యని, కరవునాడు రైలు ధాన్యమును మోయునేగాని పండింపదని కాటన్ గారు జీవితాంతము వాదించిరి. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను గట్టిగా ప్రశ్నించినను వెనుదీయలేదు. 1899 జూలై 24న డోర్కింగున దివంగతులైరి.

ధవళేశ్వరమున పాత ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. దుమ్ముగూడెము ఆనకట్ట ఎగువనుండి నీటిని తోడి ఖమ్మము చేలకు పంపు సీతారామ ఎత్తిపోతల పథకమునకు 2016లో శంకుస్థాపన జరిగెను.