చేను విడిచి వంతెన కట్టిన రోబ్లింగ్

మాది వ్యవసాయ కుటుంబం. మోకు అంటే ఏమిటో నాకు చిన్ననాడే తెలుసు. జనపనార మోకు కొత్తలో ఎంత గట్టిగా వున్నా, నాలుగు వానలకు తడిసి నాలుగు ఎండలకు ఎండిందంటే పీచులేచి, బరువు మీద వుండగా ఒకనాడు పుటుక్కున తెగుతుంది. అందుకే జాన్ అగస్టస్ రోబ్లింగ్ జీవితం చదువుతున్నప్పుడు, న్యూయార్కులో పేరుమోసిన ఆ బ్రూక్లిన్ వంతెన కన్నా ముందు, ఆయన పేనించిన తాడు దగ్గరే నా మనసు ఆగిపోయింది.

రోబ్లింగ్ 1806లో ప్రష్యా రాజ్యంలోని ముల్‌హౌసెన్ అనే వూళ్ళో జన్మించాడు. బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివి కొంతకాలం ప్రభుత్వ కొలువులో రోడ్లు వేయించాడు. ఆ కొలువు నచ్చలేదు. 1831లో సోదరుడు కార్ల్‌తో కలిసి అమెరికా ఓడ ఎక్కాడు. పెన్సిల్వేనియాలో భూమి కొని, సాక్సన్‌బర్గ్ అనే పల్లెను నెలకొల్పి, ఇంజనీరు కాస్తా నాగలి పట్టాడు. వ్యవసాయం ఆయనకు అచ్చిరాలేదు. (ఇందులో నాకేమీ ఆశ్చర్యం లేదు. పుస్తకాలు చదివినంత మాత్రాన పొలం పండుతుందా?) 1837లో కార్ల్ మరణించాడు. ఆ యేడే రోబ్లింగ్ మళ్ళీ కొలతల గొలుసు చేతబట్టి కాలువల పనిలో చేరాడు.

ఆ రోజుల్లో కాలువ పడవలను అలిగెనీ కొండలు దాటించడానికి, వాటిని బళ్ళకెక్కించి ఏటవాలు పట్టాల మీద జనపనార మోకులతో పైకి లాగేవారు. లాగేది ఆవిరి యంత్రమే అయినా, మోకు తెగితే అంతే సంగతులు. నార బదులు ఇనుప తీగెలు పేనితే ఎలా వుంటుందని రోబ్లింగ్‌కు తోచింది. 1841లో సాక్సన్‌బర్గ్ పొలాల్లోనే ఇరుగుపొరుగు రైతులను పనిలో పెట్టి, చేతులతోనే తీగెల తాడు పేనించాడు. అది నిలిచింది. పంట పండని చేలో తాడు పండిందన్నమాట!

తాడు చేతికొచ్చినవాడు వంతెన గురించి ఆలోచించడం సహజమే గదా. అయితే వేలాడే వంతెనలంటే జనానికి హడలు. 1854లో ఒహాయో నది మీది వీలింగ్ వంతెన పెనుగాలికి వూగి వూగి కూలిపోయింది. బాట తేలికగా వుంటే గాలి దాన్ని ఆడిస్తుందనీ, దానికి బరువూ బిర్రూ రెండూ కావాలనీ రోబ్లింగ్ గ్రహించాడు. బాటకు దూలాల చట్రం బిగించి, స్తంభాల నుంచి ఏటవాలుగా అదనపు తీగెలు దించాడు. 1855లో నయాగరా లోయ మీద అలాంటి వంతెన కట్టి, దాని మీద ఏకంగా రైలే నడిపించాడు.

ఇక బ్రూక్లిన్ సంగతి. అప్పట్లో న్యూయార్క్, బ్రూక్లిన్ వేర్వేరు నగరాలు. నడుమ ఈస్ట్ రివర్, పేరుకు నది గాని నిజానికి సముద్రపు పాయ. 1860లో బ్రూక్లిన్ జనాభా సుమారు 2 లక్షల 66 వేలు. 1880 నాటికి 5 లక్షల 66 వేలు. ఇంతమందికీ దాటేందుకు పడవలే దిక్కు. మంచు గడ్డకడితే అవీ లేవు. రోబ్లింగ్ 1857లోనే ఇక్కడ వంతెన కావాలన్నాడు, చెవినబెట్టినవారు తక్కువ. 1867 చలికాలంలో నది గడ్డకట్టి రాకపోకలు స్తంభించాక గాని పెద్దలకు మెలకువ రాలేదు. ఆ యేడే చట్టం వచ్చింది, కంపెనీ ఏర్పడింది, రోబ్లింగ్ చీఫ్ ఇంజనీరు అయ్యాడు.

ఆయన పథకం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఓడలకు అడ్డం రాకుండా నది నడుమ ఒక్క స్తంభమూ లేదు. రెండు స్తంభాల మధ్య దూరం సుమారు 1600 అడుగులు. ఇనుము బదులు ఉక్కు తీగెలు. బళ్ళకు దారులు, రైలు పెట్టెలకు దారులు. వీటన్నిటికీ పైన, నడుమగా, కాలినడక వాళ్ళకు ప్రత్యేకమైన బాట. రద్దీ తగ్గించడానికి కట్టే వంతెనలో వూరికే గాలి పీల్చుకుంటూ నడిచేవాడికి అంత మంచి చోటు ఇవ్వడం నాకెంతో నచ్చింది. తీగెల బలం మాత్రం అవసరానికి ఆరురెట్లు వుండాలన్నాడు.

1869 జూన్ 28న పడవల రేవులో నిలబడి కొలతలు తీయిస్తుండగా, ఒడ్డుకొచ్చిన పడవ తాకిడికి ఆయన పాదం నలిగింది. వేళ్ళు తీసేశారు. తర్వాత డాక్టర్లను దగ్గరికి రానీయక నీటి వైద్యమే చాలన్నాడు. ధనుర్వాతం సోకి జూలై 22న కన్నుమూశాడు. దానికి విరుగుడు సీరం కనుగొన్నది 1890లో. డాక్టర్ల మాట విన్నా బతికేవాడని చెప్పలేం. అయినా, తీగెలకు ఆరురెట్ల బలం కావాలన్న మనిషి తన కాలి విషయంలో అంత మొండికెందుకు పోయాడో నాకు బోధపడలేదు.

కొడుకు వాషింగ్టన్ 32 ఏళ్ళకే ఆ భారం తలకెత్తుకున్నాడు. నదిగర్భంలో పునాదుల పెట్టెల్లో, ఒత్తిడి గాలిలో పనిచేసి 1872లో మంచం పట్టాడు. అప్పటినుంచి ఆయన భార్య ఎమిలీ గణితం, తీగెల శాస్త్రం నేర్చుకుని, భర్త ఆదేశాలను పనివద్దకు చేరవేస్తూ వచ్చింది. 1878లో మరో పిడుగు. తీగెల కంట్రాక్టరు నాసిరకం సరుకు అంటగట్టాడని తేలింది. అప్పటికే తీగెలు పైకెక్కాయి, దింపే వీలులేదు. లెక్కవేస్తే, ఆరురెట్ల బలం తగ్గినా అయిదురెట్లు మిగిలే వుంది! అయినా ఒక్కో కేబులుకు 150 తీగెలు అదనంగా చేర్చారు. చనిపోయిన తండ్రి వదిలిపెట్టిన జాగ్రత్త, తొమ్మిదేళ్ళ తర్వాత కొడుకును ఇలా ఆదుకుంది.

1883 మే 24న వంతెన తెరిచారు. మొదటిరోజే లక్షన్నర మంది నడిచి దాటారంటారు. రోబ్లింగ్ పాదాన్ని నలిపిన ఫుల్టన్ రేవు పడవలు మరి 40 ఏళ్ళు నడిచి, 1924లో ఆగిపోయాయి.