అన్నమాచార్యులవారి గృహస్థజీవనము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి తిరుమలయాత్రకు బయలుదేరు భక్తులు కడప చేరి, ముందుగా దేవుని కడప శ్రీలక్ష్మీవేంకటేశ్వరుని దర్శించుట కలదు. ఆ క్షేత్రము తిరుమలకు తొలిగడపయని ప్రసిద్ధి. అచటినుండి ఒంటిమిట్ట కోదండరాముని సేవించి ముందునకు సాగినచో, రాజంపేట చెంత తాళ్ళపాక గ్రామము కలదు. ఆ గ్రామమున క్రీ.శ. 1408లో నారాయణసూరి, లక్కమాంబయను పుణ్యదంపతులకు అన్నమాచార్యులవారు జన్మించిరి.

పదకవితాపితామహుడని లోకము కొనియాడు ఈ మహనీయునకు బాల్యమున ఇంటిపని బరువుగా తోచినది. వారి మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము ఆ వృత్తాంతమును తెలుపుచున్నది. ఎల్లవేళల పాటలు పాడుకొనుచు తిరుగు బాలుని ఇంటివారు పశువులకు గడ్డి కోసితెమ్మని పంపిరి. కొడవలి తగిలి చిటికెనవ్రేలు తెగినది. కారుచున్న నెత్తురును చూచిన బాలునకు ఇంటిమీద విరక్తి కలిగెను. అంతలో గోవిందనామము పలుకుచు తిరుపతికి పోవు యాత్రికులు కంటబడగా, ఎవరికిని చెప్పకయే వారి వెంట నడచెను.

కొండ నెక్కుచు మోకాళ్ళపర్వతముకడ ఆకలిచే సొమ్మసిల్లెను. అలమేలుమంగమ్మ ముత్తైదువ రూపున వచ్చి, పాదరక్షలు విడిచి ఎక్కుమని బోధించి, స్వామిప్రసాదమొసగి సేదదీర్చినదని చరిత్రము. ఇల్లు వలదని వచ్చిన బాలునకు దైవానుగ్రహము తల్లిచేతి అన్నపుముద్దవలెనే లభించుట గమనింపదగినది. ఆ దయకు కృతజ్ఞుడై అతడు అమ్మవారిపై ఒక శతకమును ఆశువుగా చెప్పెనందురు.

తిరుమలలో ఘనవిష్ణువను వైష్ణవాచార్యులు ఆ బాలునకు వైష్ణవదీక్ష నొసగిరి. కొంతకాలమునకు తల్లి వెదకుకొనుచు వచ్చినది. గురువుల ఆనతిని శిరసావహించి అతడు తాళ్ళపాకకు మరలెను. పిమ్మట తిరుమలమ్మ, అక్కలమ్మయను కన్యలను పరిణయమాడి గృహస్థులైరి. తిమ్మక్కయని పిలువబడు ఆ తిరుమలమ్మయే సుభద్రాకల్యాణమును రచించిన విదుషీమణి. అన్నమాచార్యులవారు అహోబిలమున శఠకోపయతీంద్రుల సన్నిధిని వేదాంతమభ్యసించిరి. సన్న్యాసమును మాత్రము కోరలేదు. పుత్రులతో, పౌత్రులతో ఇంట నుండియే స్వామిని కొలిచిరి.

వారి సంకీర్తనారచన 1424లో ప్రారంభమైనట్లు తిరుమలలోని రాగిరేకులు చెప్పుచున్నవి. వారు రచించినవి ముప్పదిరెండువేలని ప్రతీతి. వానిలో వేదాంతార్థములతోపాటు ఇంటి పనిపాటలును కలవు. వడ్లు దంచు రోకటిపోటు సువ్విపాట యైనది. పసిబిడ్డను నిదురపుచ్చుట జోల, ఉయ్యాల నూచుట లాలి యైనవి. సంక్రాంతి గొబ్బిళ్ళు, పెండ్లింటి శోభనములు, తెల్లవారుజామున మేలుకొలుపు, మాపటి హారతి అన్నియు స్వామికే సమర్పితములైనవి. ఒకనాడు కొడవలిని విసిరి వెడలిన ఆ బాలుడే, పెద్దవాడై రోకలి చప్పుడులో గోవిందుని విన్నాడు. పని మారలేదు, చూచు చూపు మారినది.

సాళువ నరసింహరాయలు తనపై పదము చెప్పుమని కోరగా, హరిని కీర్తించిన నోటితో నరుని పొగడజాలనని వారు నిరాకరించిరి. అందులకు సంకెలలు సహించిరి. రాజానుగ్రహమునకు లొంగని ఆ వాక్కు, దంపుళ్ళ చప్పుడునకును ఊయెలకును వంగినది. 1503లో పరమపదించువరకు వారి జీవనము ఇట్లే సాగినది.

వానలు తక్కువైన ఈ సీమలో బిందెడు మంచినీరు, వేడి సంగటిముద్ద, అలసివచ్చిన వేళ కూర్చుండుటకు అరుగునీడ స్వల్పములు కావు. అవి దొరికిన క్షణమున ఒక్కమారు గోవిందా యనినచో ఆ యింటి కడపయే తొలిగడప యగును. తిరుమలకు పోలేని దినములందు కూడ ఆ యాత్ర సాగుచునే యుండును.