గిజిగాని కాపురం గుట్టు తెలిపిన సలీం అలీ

వానాకాలంలో బావిపైకి వంగిన తుమ్మకొమ్మకు, ఈతచెట్టుకు వేలాడే గిజిగాని గూళ్లు వరంగల్ రైతులకు కొత్త కావు. ఆ గూటిలో సంసారం ఎలా సాగుతుందో నెలల తరబడి కాచుకుని చూసి, లోకానికి తెలిపిన వారు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బాల్యంలో గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు కింద పసుపుమచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకోవాలని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం గడప తొక్కారు. నాటి నుంచి పక్షులే ఆయన లోకమయ్యాయి.

అయితే ఆ విద్య కూడు పెట్టలేదు. విశ్వవిద్యాలయ పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేలో ఉద్యోగం దక్కలేదు. బొంబాయి మ్యూజియంలో దొరికిన కొలువూ నిలవలేదు. జర్మనీలో శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి చేతిలో పని లేదు. భార్య తెహ్మినాతో సముద్రతీరాన ఉన్న కిహిం గ్రామం చేరారు. గిజిగాళ్ల పరిశీలన అక్కడే సాగింది.

గూడు అల్లేది మగపిట్ట. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే కాపురం. ఆ తర్వాతే మగది కిందికి గొట్టంలాంటి దారి అల్లి గూడు ముగిస్తుంది. ఆడది గుడ్లు పొదుగుతుండగా మగది మరో గూడు మొదలుపెట్టి మరో జోడును పిలుస్తుంది. ముళ్లకొమ్మ, కింద నీరు, పొడవాటి గొట్టం శత్రువుల బారినుంచి కాపాడే ఏర్పాట్లే. పచ్చని ఆకు, పురుగులు సమృద్ధిగా దొరికే వానరోజుల్లోనే అవి గుడ్లు పెడతాయి. గింజలు తినే ఈ పిట్ట తన పిల్లలకు పురుగులు తెచ్చి మేపుతుంది. ఈ పరిశీలన 1931లో అచ్చయింది.

ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కరలేదని సలీం అలీ సంస్థానాలకు తెలిపారు. అలా 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. వరంగల్ అప్పుడు ఆ సంస్థానంలోనిదే. విడిది బాగోగులు చూసుకుంటూ తోడుగా నిలిచిన తెహ్మినా 1939లో శస్త్రచికిత్స అనంతరం మరణించారు. ఆ దుఃఖంలోనూ ఆయన పని మానలేదు. 1941లో భారతీయ పక్షులపై గ్రంథం వెలువరించారు. 1976లో పద్మవిభూషణ్ పొందారు. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.

పట్టా లేదని ఉద్యోగం దక్కని ఆయన పేరిట 1990లో కోయంబత్తూరులో పక్షిశాస్త్ర పరిశోధన కేంద్రం వెలసింది. కంకి మీద వాలిన పిట్టను తోలే రైతు, అది పిల్లలకు మోసుకెళ్లే పురుగులనూ లెక్కలో వేసుకోవాలి.