పుస్తకాలు లేని ఖైదీ

టాటానగర్ స్టేషనులో పైవంతెన మీద నిలబడి చూస్తే, రైలు పట్టాలు రెండూ దూరాన ఎక్కడో కలిసిపోయినట్టు కనిపిస్తాయి. సమాంతర రేఖలు ఎన్నటికీ కలవవని మనం తరగతిలో చదువుకున్నాం. మరి కంటికి కనిపించేది ఒట్టి భ్రమేనా? కలుస్తాయనుకుంటే జ్యామితి ఇంకా తేలికవుతుందని చూపించినవాడు విక్టర్ పోన్‌స్లే అనే ఫ్రెంచి ఇంజనీరు. అతనికి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే డెజార్గ్ అనే ఆయన ఈ దారి తొక్కాడు కానీ, లోకం ఆ సంగతి మరిచిపోయింది.

పోన్‌స్లే 1788లో మెట్స్ పట్టణంలో పుట్టాడు. పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివి, సైన్యంలో ఇంజనీరయ్యాడు. 1812లో నెపోలియన్ సేనతో రష్యా వెళ్ళాడు. సేన వెనుదిరిగి వస్తుండగా, నవంబరులో క్రాస్నీ దగ్గర శత్రువులకు చిక్కాడు. గడ్డకట్టిన మైదానాల మీద నెలల తరబడి నడిపించి, అతన్ని వోల్గా ఒడ్డునున్న సరాటోవ్ చేర్చారు. అప్పటికి వయసు 24.

బదిలీ అనగానే మన ఇళ్ళలో ముందుగా పోయేవి పుస్తకాలే. లారీలో చోటు లేదని పాతపేపర్లవాడికి వేసేస్తారు. కొత్త బడిలో ఏడాది మధ్యలో చేరి, అయిపోయిన పాఠాల కోసం పక్కవాళ్ళ నోటుబుక్కులు అడిగి రాసుకున్నవాళ్ళం మనం. పోన్‌స్లేకు అడగడానికి పక్కవాళ్ళ దగ్గరా పుస్తకాలు లేవు. చదివినదాన్ని మొదటి నుంచి గుర్తు చేసుకుంటూ నోటుబుక్కులు నింపాడు. గుర్తున్న చోటు దాటి ముందుకు కూడా పోయాడు.

అతని ఆలోచన మనమూ చేసి చూడవచ్చు. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీద్దాం. దానికి కాస్త పైన గుండుసూది గుచ్చి, స్కేలును సూదికి ఆనించి మెల్లగా తిప్పుదాం. స్కేలు గీతను ఖండించే బిందువు కుడివైపు జరుగుతూ జరుగుతూ కాగితం దాటిపోతుంది. స్కేలు సమాంతరమైన క్షణంలో అసలు లేకుండా పోతుంది. ఇంకొంచెం తిప్పితే ఎడమవైపు ఎక్కడో దూరం నుంచి మళ్ళీ వస్తుంది! మధ్యలో ఆ ఒక్క క్షణం ఏమైంది? బిందువు పోలేదు, అనంతంలో ఉంది అన్నాడు పోన్‌స్లే. అప్పుడు తలంలో ఏ రెండు సరళరేఖలైనా ఒక్కచోట కలుస్తాయి, మినహాయింపు లేదు. బొమ్మను తెంపులేకుండా మార్చుకుంటూ పోతే దాని గుణం చెడదన్నది అతని నమ్మకం. దానికి అవిచ్ఛిన్నతా సూత్రమని పేరు.

1814లో విడుదలై ఇంటికి వచ్చాడు. వస్తూ రష్యన్ల పూసల చట్రం పట్టుకొచ్చి, ఫ్రెంచి పిల్లలకు లెక్కలు నేర్పడానికి పనికొస్తుందన్నాడు. జ్యామితి గ్రంథం 1822లో వెలువడింది. అంతకుముందే గొప్ప గణితజ్ఞుడు కోషీ ఈ సూత్రానికి రుజువు లేదని తప్పుపట్టాడు. నిజానికి కోషీ మాట సబబే. తర్వాతివాళ్ళు బీజగణితంతో పునాది వేశాకే ఆ సూత్రం నిలబడింది. పోన్‌స్లేకు మాత్రం ఆ విమర్శ చాలా ఏళ్ళు బాధగానే ఉండిపోయింది.

ఆ తర్వాత యంత్రాల వైపు మళ్ళాడు. వంపు రెక్కలతో నీటిచక్రం తయారుచేశాడు, మెట్స్‌లో కార్మికులకు యంత్రశాస్త్రం బోధించాడు. మన ఉక్కు ఊళ్ళో ఉంటే ఆయనకు బాగా తోచేదేమో.

సరాటోవ్ నోటుబుక్కులను 1862లో, డెబ్బై దాటిన వయసులో, అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. 1867లో పారిస్‌లో కన్నుమూశాడు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరూ ఉంది.