ఐతారం సదువుకు తొవ్వ జేసిన రాంరెడ్డి సారు

ఐతారం పొద్దుగాల ఏదన్న సర్కారు డిగ్రీ కాలేజీ దిక్కు పోయి చూడున్రి. రోజూ వచ్చే పోరగాళ్ళు ఉండరు. గేటు కాడ డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చిన ఆర్టీసీ కండక్టరు కనవడ్తడు. సంకల బిడ్డతోని అంగన్‌వాడీ టీచరమ్మ కనవడ్తది. కిరాణం దుకాణంల గుమస్తా, బీడీలు చేసే అక్క, హోంగార్డు, అందరు సంచిల పుస్తకాలు, టిఫిన్ గిన్నె పెట్టుకోని వస్తరు. గిది వాళ్ళ యూనివర్సిటీ. కాయితాల మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. జనం నోట్ల మాత్రం ఓపెన్ యూనివర్సిటీ.

దీనికి పునాది వేసిన మనిషి ఎవలంటే చానమందికి తెల్వదు. ఉస్మానియాల దూరవిద్య కేంద్రం బోర్డు మీద ఆయన పేరున్నది. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. ఆ బోర్డు కింద ఫీజు లైన్ల నిలబడ్డోళ్ళు గూడ ఆ పేరు ఎవలదని అడగరు. ఆయన కాలం జేసింది 1995ల. గిన్నేండ్ల తర్వాత ఇప్పుడెందుకు యాది జేస్తున్నవంటే, ఆయన తెరిచిన తలుపు మెల్లమెల్లగ మూసుకుంటున్నదని నాకు భయమైతున్నది. అందుకే రాస్తున్న.

రాంరెడ్డి సారు 1929ల కరీంనగర్ జిల్లా మైలారంల పుట్టిండు. అది నిజాం జమానా. ఇంట్ల మాట్లాడేది తెలుగు, బడిల చెప్పేది ఉర్దూ. పల్లెల్ల బడే కరువు. ఇగ కాలేజీ అంటే పట్నం పోయే తాకత్ ఉన్నోళ్ళకే. అసొంటి కాలంల సదువుకోని ఉస్మానియాల పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పే ప్రొఫెసర్ అయిండు.

ఆయన పరిశోధన జేసింది పంచాయతీల మీద. ఊర్ల అధికారం ఎవల చేతుల ఉంటది, సర్కారు స్కీము బీదోని ఇంటిదాక ఎందుకు రాదు, గివే ఆయన ప్రశ్నలు. 1979ల బి.ఎ.వి. శర్మతోని కలిసి తెలంగాణ ప్రాంతీయవాదం మీద పుస్తకం రాసిండు. 1985ల హరగోపాల్ సారుతోని కలిసి పైరవీకారు మీద ఒక వ్యాసం రాసిండు. అది అమెరికాల అచ్చయ్యే ఏషియన్ సర్వే పత్రికల వచ్చింది. పైరవీకారంటే మనకు కొత్తనా? లోను కావాల్నన్నా, పట్టా కావాల్నన్నా ఆఫీసుకూ మనకూ నడుమ నిలబడేటోడు. మన ఊర్ల మాటను అట్లనే తీస్కపోయి ప్రపంచ పండితుల ముంగట పెట్టిన్రు. తెలంగాణ మాటంటే ఎక్కిరించే కాలంల అది చిన్న సంగతి గాదు.

నాకు ఒకటి అనిపిస్తది. ఇది నా ఆలోచన, ఆయన చెప్పింది గాదు. పైరవీకారు ఎందుకు బతుకుతడు? ఆఫీసు కాయితం మనకు సమజు గాదు గాబట్టి. సదువు పెద్ద కాలేజీ గోడల నడుమనే ఉన్నంత కాలం బయటోనికి నడుమ మనిషి కావాల్నే. ఆ గోడను పల్చగ జేసే పనికి ఆ ప్రొఫెసరే దిగుడు నాకైతే కాకతాళీయం అనిపియ్యదు.

1977 కెల్లి 1982 దాక సారు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. ఆయన వచ్చిన 1977లనే అక్కడ ఉత్తరాల ద్వారా సదువు, అంటే కరస్పాండెన్స్ కోర్సులు షురువైనయి. దేశంల ఈ పద్ధతి 1962ల ఢిల్లీ యూనివర్సిటీల మొదలైంది. కాని దాంట్ల ఒక లోపముండె. క్లాసుల చెప్పే నోట్సునే అచ్చుగొట్టి పోస్టుల పంపుడు. అర్థమైతే అయింది, లేకుంటే లేదు. పైంగ ఇంటర్ పాసు గానోనికి అక్కడ గూడ తలుపు బందే.

బ్రిటన్‌ల ఓపెన్ యూనివర్సిటీ 1971ల మొదటి విద్యార్థులను చేర్చుకున్నది. మన దగ్గర అసొంటిది పెట్టొచ్చా అని చూసెతందుకు రాష్ట్ర సర్కారు రాంరెడ్డి సారు పెద్దగ ఒక కమిటీ వేసింది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగ ఉన్నది కొన్ని నెలలే. ఆ కొన్ని నెలల్లనే, 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంల మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. మొదటి వైస్ ఛాన్సలర్ సారే. 1991ల దానికి అంబేద్కర్ పేరు పెట్టిన్రు.

ఇండ్ల కొత్తదనమేందో జర వివరంగ చెప్తా. ఒకటి, వయసు నిండినోడు పదో తరగతి గూడ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీల చేరెతందుకు అప్పుడు వీలుండె. సర్టిఫికెట్ లేదని మనిషిని తెలివి లేనోని కింద లెక్కగట్టొద్దన్నట్టు. రెండు, పాఠం రాసే తీరు. ఒక్క లెక్చరర్ రాసి పడేసుడు గాదు. ఒకలు రాస్తరు, ఇంకొకలు దిద్దుతరు, మరొకలు భాష చూస్తరు. ఇంట్ల ఒక్కడే కూసోని చదివేటోనికి పక్కన సారు ఉండడు గద. అందుకే పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు జేసి, నడుమల ప్రశ్నలు పెట్టి, చివరికి జవాబులిచ్చి, పుస్తకమే సారు లెక్క మాట్లాడేటట్టు జేసిన్రు. మూడు, స్టడీ సెంటర్లు. కొత్త బిల్డింగులు కట్టకుండ, సెలవు రోజు ఖాళీగుండే కాలేజీలనే వాడుకున్నరు. అక్కడ చెప్పేటోళ్ళను కౌన్సిలర్లన్నరు. ఉపన్యాసం ఇచ్చుడు గాదు, అనుమానం తీర్చుడు వాళ్ళ పని. నాలుగు, రేడియో పాఠాలు. అన్నిటికంటె పెద్దది, డిగ్రీ పాఠాలు తెలుగుల ఉండుడు.

నా సంగతి రెండు ముక్కల్ల చెప్తా. ఇంటర్ సగంల ఆగి జిరాక్స్ దుకాణంల పనికి కుదిరిన. అర్హత పరీక్ష రాసి బీఏల చేరితే ఆ పుస్తకాల కట్ట ఇచ్చిన్రు. రాజ్యాంగం గురించి, పంచాయతీ గురించి నేను మొదలు సదివింది ఆ తెలుగు పుస్తకాల్లనే. ఆర్టీఐ దరఖాస్తు రాసుడు, జీవోను సమజు జేసుకునుడు ఆ పునాది మీదనే వచ్చింది. తర్వాత ఒక ఆఫీసుల కొలువుకు పోతే, ఓపెన్ డిగ్రీనా అని నా కాయితం దిక్కు చూసి మూతి తిప్పిన్రు. ఆ చూపు ఇంక మర్వలే.

ఇక్కడ జేసింది చూసి ఢిల్లీ పిలిచింది. 1985ల పార్లమెంటు చట్టంతోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మన ఇగ్నో, పుట్టింది. దానికి గూడ తొలి వైస్ ఛాన్సలర్ సారే. 1987ల రెండే రెండు డిప్లొమాలతోని, 4,528 మందితోని మొదలైంది. ఇయ్యాల ఇగ్నోల సదివేటోళ్ళు లక్షల మంది. తర్వాత కొన్నాళ్ళు, అప్పట్ల వాంకోవర్‌ల ఉన్న కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్‌ల పనిచేసిండు. మైలారం మనిషి రెండు ఓపెన్ యూనివర్సిటీలను సున్నా కెల్లి నిలబెట్టిండు.

1991ల యూజీసీ చైర్మన్ అయిండు. కాలం మారింది. అదే ఏడు దేశం తలుపులు బజారుకు తెరిచింది. ఖర్సులు తగ్గియ్యాల్నని సర్కార్లు సదువు మీదనే కన్నేసినయి. యూజీసీ వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ 1993ల రిపోర్టు ఇచ్చింది. యూనివర్సిటీలు సొంతంగ గూడ కొంత ఆమ్దానీ చూసుకోవాల్నన్నది. 1994ల కాలేజీల నాణ్యత చూసెతందుకు నాక్ వచ్చింది.

ఇక్కడ నేను సారుతోని పూర్తిగ ఏకీభవించ. సర్కారు పైసలు తగ్గుతున్నప్పుడు యూనివర్సిటీని బతికిచ్చుకోవాల్నన్నది ఆ కాలం పెద్దల బాధ కావచ్చు. కాని సొంత ఆమ్దానీ అన్న మాట తర్వాత ఏం జేసింది? ఫీజులు పెంచెతందుకు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పెట్టెతందుకు సాకైంది. దూరవిద్యను గూడ రెగ్యులర్ యూనివర్సిటీలు పాడిబర్రె లెక్క చూసినయి. బీదోని ఫీజు పిండుకునుడు, పాఠాన్ని మర్చిపోవుడు. నాక్ గ్రేడు కోసం కాలేజీలకు సున్నాలేసి, ఫైళ్ళు సర్దుడు మనం చూస్తనే ఉన్నం. తలుపు తెరిచిన మనిషి కాలంలనే టికెట్టు ధర మాట గూడ మొదలైంది. ఆయనను ప్రేమిచ్చేటోళ్ళు ఈ మాట దాచొద్దు. మొత్తం తప్పు ఆయన మీద పెట్టుడు గూడ న్యాయం గాదు. గాలి దేశమంత అటే వీస్తుండె.

మరి ఇప్పుడు? 2020 జాతీయ విద్యా విధానం 2035 నాటికి ఉన్నత విద్యల చేరేటోళ్ళను నూటికి యాభైకి తీస్కపోతమంటున్నది. 2021-22 లెక్కల ప్రకారం అది నూటికి 28 దగ్గరున్నది. మిగిలినోళ్ళు ఎవలు? పొద్దంత పని జేసేటోళ్ళు, పెండ్లయి సదువు ఆగిన ఆడబిడ్డలు, కోసుకు కోసు కాలేజీ లేని ఊర్లోళ్ళు. అంటే రాంరెడ్డి సారు 1982ల ఎవలి కోసం తలుపు తీసిండో వాళ్ళే. వాళ్ళకు ఆన్‌లైన్ కోర్సులు సదువుకోమని చెప్పుడు అల్కటి పని. ఇంట్ల ఒక్క ఫోన్ ఉండి, అది మొగోని జేబుల ఉంటే, ఆ అక్క ఎప్పుడు సదవాలె?

టెక్నాలజీ వద్దని నేను అంట లేను. సారు గూడ తన కాలం టెక్నాలజీని, రేడియోను వాడుకున్నడు. కాని దాని పక్కన పుస్తకం పెట్టిండు, ఐతారం నాడు మనిషిని గూడ పెట్టిండు. మూడూ ఉంటేనే అది ఓపెన్ యూనివర్సిటీ. వీడియో ఒక్కటే ఉంటే అది దుకాణం.

యాది జేసుకునుడంటే ఫొటోకు దండ ఏసుడు గాదు. తెలుగు పాఠాలను ఇప్పటి కాలానికి మళ్ళ రాయియ్యాలె. స్టడీ సెంటరు మండలం దాక రావాలె. కౌన్సిలర్లకు పైసలు టైముకియ్యాలె. సర్కారు ఇచ్చే సొమ్ము తగ్గకుండ చూడాలె. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతోని సమానమేనని 2022ల యూజీసీ మళ్ళొక్కసారి చెప్పింది. కొలువులిచ్చే ఆఫీసులు గూడ ఆ కాయితం సదవాలె.

వచ్చే ఐతారం మీ దగ్గర్ల ఉన్న స్టడీ సెంటరు కాడికి ఒక్కసారి పోయి రాన్రి. ఆ కండక్టరన్నను, ఆ టీచరమ్మను పుస్తకాలు అందినయా, క్లాసులు నడుస్తున్నయా అని అడుగున్రి. వాళ్ళు ఏం చెప్తరో అదే రాంరెడ్డి సారు తెరిచిన తలుపు ఎంత తెరుచుకున్నదో చెప్పే లెక్క.