మన గన్నవరం ఎమ్మెల్యే సుందరయ్య గారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు నా ఉద్యోగ అనుభవాలు రాద్దామనే అనుకున్నాను. కాగితం ముందు కూర్చుంటే మాత్రం తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక వచ్చిన వేసవి సెలవులు గుర్తొచ్చాయి. 1985 మే 19న పుచ్చలపల్లి సుందరయ్య గారు పోయారు. మర్నాడు మా వీధి అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దవాళ్లలో ఆయన పార్టీకి ఎన్నడూ ఓటెయ్యనివాళ్లే ఎక్కువ. అయినా అందరూ ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నారు. ఒక్కసారి కూడా మంత్రి కాని మనిషి కోసం వీళ్లకింత బాధ ఎందుకో అప్పుడు నాకు అంతుబట్టలేదు. ఇప్పుడు కొంత అర్థమైందనుకుంటున్నాను. అదే మీతో పంచుకుంటాను.

సుందరయ్య గారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామ్య రైతు కుటుంబంలో పుట్టారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. తర్వాత తన పేరులోంచి కులాన్ని తనే తీసేసుకున్నారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. అక్కాబావల దగ్గర ఉంటూ తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసుల్లో చదువుకున్నారు. ఊరు మారినప్పుడల్లా కొత్త బడి, కొత్త స్నేహితులు. బదిలీల ఉద్యోగుల పిల్లలుగా మన బడికి వచ్చిన మిత్రులకు ఆ కష్టం తెలుసు.

1930లో మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. పశ్చిమ గోదావరిలో అరెస్టయ్యారు. మైనరు కనుక బోర్స్టల్ బడికి పంపారు. బయటికి వచ్చాక అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు ఉద్యమం వైపు నడిచారు. సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టారు. భూమి ఉన్న ఇంటి కుర్రాడు కూలి రేట్లు పెంచమని తనవాళ్లనే అడగడం ఆ రోజుల్లో ఎంత దుమారం లేపి ఉంటుందో ఊహించుకోవచ్చు. తన వాటా ఆస్తిని ఉద్యమానికే ఇచ్చేశారు. 1943లో లీల గారిని పెళ్లాడారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని పిల్లలు వద్దనుకున్నారు ఆ దంపతులు.

తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం. 1946 నుంచి 1951 వరకు సాగిన ఆ పోరాట నాయకుల్లో ఆయన ముఖ్యులు. చాలాకాలం అజ్ఞాతంలో గడిపారు. నాలుగు వేల మంది ప్రాణాలు పోయాయని, మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారని 1972లో వచ్చిన తన గ్రంథంలో ఆయనే లెక్క చెప్పారు. ఆ పోరాటాన్ని ఎంతకాలం కొనసాగించాల్సిందన్న వాదన ఆయన పార్టీల్లోనే ఈనాటికీ తెగలేదు. నేను ఆయన పార్టీవాణ్ని కాను. ఆ బాటలో అన్నీ ఒప్పుకోలేను కూడా. కానీ జరిగినదాన్ని పోగుచేసి, తప్పొప్పులతో సహా పుస్తకంగా రాసి, ముందుతరాల చేతికి ఇచ్చిన నాయకులు మనకు ఎందరున్నారు?

1952లో రాజ్యసభకు వెళ్లారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారన్న సంగతి మనందరం విన్నదే. ఆయన గురించి అడిగితే చాలామంది ఆ సైకిల్ దగ్గరే ఆగిపోతారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి కథ.

1955లో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న అంచనా అటు అభిమానుల్లోనూ ఇటు ప్రత్యర్థుల్లోనూ గట్టిగా ఉంది. ఫలితాలు చూస్తే 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. ఓట్లు మాత్రం వందకు దాదాపు 31 వచ్చాయి. గెలిచిన ఆ కొద్దిమందిలో మన గన్నవరం నుంచి సుందరయ్య గారు ఒకరు. ముఖ్యమంత్రి పీఠం అందుతుందనుకున్న పార్టీ నాయకుడు చిన్న ప్రతిపక్షంగా మిగిలినప్పుడు ఏం చేస్తాడు? అలిగి ఢిల్లీ వెళ్లిపోవచ్చు. ఈయన అసెంబ్లీలో కూర్చున్నారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ప్రతిపక్ష నాయకుడిగా ఆ పని చేశారు. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండాలని 1946లోనే విశాలాంధ్ర మీద పుస్తకం రాసిన మనిషికి, ఆ రాష్ట్రం వచ్చాక దక్కింది ప్రతిపక్షపు బెంచీయే. భూసంస్కరణలు, కూలి రేట్లు, కృష్ణా గోదావరి నీళ్ల వాడకం ఆయనకు బాగా పట్టున్న విషయాలు. నీటి లెక్కలు రాజకీయ నాయకులకు ఎందుకనుకునే రోజుల్లో ఆయన వాటిని కూర్చుని చదివారు. ఇంజనీరుగా నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

1962లో గన్నవరం మళ్లీ గెలిపించింది. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎంకు తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఎమ్మెల్యేగా ఉన్న ఆ అయిదేళ్లలో కొంతకాలం జైల్లో గడిచింది. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, పార్టీ పోతున్న దారితో ఏకీభవించలేక ఆ పదవి వదిలేశారు. దేశస్థాయి పదవి వదిలిన మనిషి ఇంటి దగ్గర కూర్చోలేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అరవై నాలుగేళ్ల వయసులో సహాయ పనుల్లో దిగారు. మరుసటి ఏడాది మళ్లీ గన్నవరం ఎమ్మెల్యేగా అసెంబ్లీకి వెళ్లి, 1983 వరకు మామూలు సభ్యుడిగా పనిచేశారు. మనం హైస్కూల్లో చేరేనాటికి మన ఎమ్మెల్యే ఆయనే.

రిటైర్మెంటుకు దగ్గరపడుతున్న మన బ్యాచ్‌వాళ్లం కలిస్తే ఈమధ్య మాటలన్నీ ఒకచోటికే వస్తున్నాయి. ఎవరు చీఫ్ ఇంజనీరు అయ్యారు, ఎవరికి ప్రమోషన్ తప్పిపోయింది, కుర్చీ పోయాక ఎవరు పలకరిస్తారు. నాకూ ఆ దిగులు లేకపోలేదు. రావలసిన పదవి రాని ఏడాది నేను సరిగా నిద్రపోలేదు. అలాంటప్పుడు ఈ జీవితం గుర్తుచేసుకుంటే కొంచెం సిగ్గేస్తుంది, కొంచెం ధైర్యం వస్తుంది. ఆయనకు కుర్చీ వచ్చినా పోయినా చేతిలో పని ఆగలేదు. ఆనాడు అరుగు మీద పెద్దవాళ్లు బాధపడింది అందుకేననుకుంటాను.

హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆయన పేరు మీద నడుస్తోంది. అక్కడి గ్రంథాలయానికి ఆయన పోగుచేసిన పుస్తకాలే పునాది. హైదరాబాద్‌లో ఉన్న మన మిత్రులు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లిరండి. మన బడి లైబ్రరీ బీరువాలు ఎలా ఉన్నాయో మొన్న వచ్చినప్పుడు అందరం చూశాం. స్వర్ణోత్సవ నిధిలో మొదటి ఖర్చు ఆ బీరువాలకే పెడదామని కమిటీకి నా మనవి. నా వంతుగా సుందరయ్య గారి పుస్తకాలు ఒక వరుస నేను తెస్తాను. ఆయన్ను ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ ఇద్దరూ చదవాల్సిన పుస్తకాలవి.