కరవది నుంచి శ్రీరంగం దాకా

మా భద్రాచలంలో శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియంలో తాళి కట్టే ఘడియ రాగానే గట్టిమేళం మొదలవుతుంది. అప్పుడు అందరి చూపూ సీతమ్మ మెడ మీదే ఉంటుంది. సన్నాయి ఊదే ఆయన వైపు ఎవరైనా చూస్తారా? నేనైతే ఎప్పుడూ చూడలేదు. ఆ వాద్యం గురించి చదువుతుంటే ఈమధ్య ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఆ పేరు షేక్ చిన మౌలానా.

ఆయన 1924 మే 12న ఇప్పటి ప్రకాశం జిల్లాలో, ఒంగోలు దగ్గరున్న కరవదిలో పుట్టారు. తరతరాలుగా నాదస్వరమే బతుకుగా ఉన్న ముస్లిం కుటుంబం. తొలి పాఠాలు నాన్న కాశిం సాహెబ్ చెప్పారు. తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం.

నాదస్వరానికి వేళ్ళు పెట్టే రంధ్రాలు ఏడే. హార్మోనియంలా మెట్టు నొక్కితే స్వరం పలికే రకం కాదు. రీడ్‌ని పెదాలతో ఎంత బిగించాలి, ఊపిరి ఎంత వదలాలి అన్న లెక్క కుదిరితేనే శ్రుతి నిలుస్తుంది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ దొరకదు, ఏళ్ళ తరబడి ఊదితేనే వస్తుంది.

ఇంత నేర్చాక మనమైతే చాలనుకుంటాం. ఆయన అనుకోలేదు. రాగాన్ని తొందరపడకుండా విస్తరించే తంజావూరు బాణీ మీద మనసు పడింది. భాష వేరు, ఊరు వేరు. అయినా నాచ్చియార్‌కోయిల్ వెళ్ళి రాజం, దురైకన్ను సోదరుల దగ్గర మళ్ళీ విద్యార్థిగా కూర్చున్నారు. 1960ల్లో శ్రీరంగంలో స్థిరపడిపోయారు. నమాజు చేసే మనిషి రంగనాథుడికి భక్తుడు కూడా. ఈ రెండింటి మధ్య ఆయనకెప్పుడూ పేచీ రాలేదు.

1976లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1977లో పద్మశ్రీ వచ్చాయి. 1982లో శ్రీరంగంలోనే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకి నేర్పారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998కి సంగీత కళానిధి ఇచ్చింది. ఆ తర్వాత కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, కన్నుమూశారు.

ఊపిరి ఆగినా బాణీ ఆగలేదు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనవళ్ళు కాశిం, బాబు కూడా ఆ దారినే పట్టారు.

ఒక సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ పడితే మళ్ళీ మొదటి చాప్టర్ తెరవడానికే మనకి నామోషీ. పేరొచ్చాక కూడా మొదటి పాఠం దగ్గర కూర్చున్న మనిషి గుర్తొస్తే కొంచెం సిగ్గేస్తుంది, కొంచెం ధైర్యమూ వస్తుంది. వచ్చే నవమికి తలంబ్రాలు అందకపోయినా పర్లేదు, నేను మాత్రం సన్నాయి పక్కనే నిలబడతా.